కందకానికీ ఆపరేషన్ బల్లకీ మధ్య

యుద్ధంలో దెబ్బతిన్న సైనికుడి ప్రాణం ఎక్కడ పోతుందని అడిగితే, తూటా తగిలిన చోటేనని ఎవరైనా చెబుతారు. కానీ మొదటి ప్రపంచ యుద్ధం తొలి నెలల్లో ఫ్రాన్స్‌లో ఎందరి ప్రాణాలో దారిలో పోయాయి. 1914 సెప్టెంబరులో మార్న్ నది దగ్గర ఫ్రెంచి సేనలు జర్మన్లను నిలువరించాయి. గెలుపు దక్కింది గానీ, గాయపడినవాళ్లను ఏం చేయాలో ఎవరికీ పాలుపోలేదు. సామాన్లూ గుర్రాలూ తెచ్చిన రైలు పెట్టెల్లోనే గడ్డి పరిచి, వాళ్లను పడుకోబెట్టి వెనక్కి పంపారు. కట్టు మార్చేవాళ్లు లేక, గుక్కెడు నీళ్లిచ్చే దిక్కు లేక ఆ పెట్టెల్లో రోజుల తరబడి మూలిగినవాళ్లున్నారు.

ఇలా ఎందుకు జరిగిందంటే, సైనిక వైద్యశాఖ లెక్క తప్పింది. యుద్ధం కొద్ది వారాల్లో తేలిపోతుందనుకున్నారు. తుపాకీ తూటా చేసే గాయం శుభ్రంగానే ఉంటుంది, కట్టు కట్టి దూరపు ఊళ్ల ఆస్పత్రులకు పంపితే సరిపోతుందనుకున్నారు. తీరా చూస్తే గాయాల్లో ఎక్కువ భాగం ఫిరంగి గుళ్లు పేలి ఎగిరిన ఇనప ముక్కల వల్ల అయినవి. ఇనప ముక్క ఒంట్లోకి ఒంటరిగా పోదు. చొక్కా పేలికనూ, బురదనూ వెంట లాక్కుపోతుంది. ఆ బురద తరతరాలుగా పశువుల ఎరువు తోలి దున్నిన పొలాలది. అందులో ఉండే క్రిములకు గాలి చొరబడని లోతైన గాయం దొరికితే గ్యాస్ గ్యాంగ్రీన్ పుడుతుంది. కండ గంటల్లో కుళ్లిపోతుంది. పెనిసిలిన్‌ను కనుక్కున్నది 1928లో. ఈ యుద్ధం నాటికి డాక్టర్ల చేతిలో ఉన్న గట్టి ఉపాయం ఒక్కటే: వీలైనంత త్వరగా గాయం తెరిచి, చచ్చిన కండనంతా కోసి తీసేయడం. ఆలస్యమయ్యేకొద్దీ మొదట కాలు పోతుంది, ఆ తర్వాత మనిషే పోతాడు.

అంటే సర్జన్ ఎంత గొప్పవాడైనా, రోగి అతని బల్ల మీదికి వేళకు చేరాలి. చేర్చే మనిషి అంబులెన్స్ డ్రైవరు. యుద్ధాల చరిత్రలో సేనాపతుల పేర్లకు దక్కిన చోటు ఈ డ్రైవర్లకు దక్కలేదు. వీళ్లలో చాలామంది జీతానికి రాలేదు. ఎవరూ పిలవకుండానే పరాయి దేశం నుంచి వచ్చారు.

పారిస్ పక్కనే న్యూయీలో అక్కడ స్థిరపడిన అమెరికన్లకు ఒక చిన్న ఆస్పత్రి ఉండేది. యుద్ధం మొదలవగానే వాళ్లు దగ్గర్లో కట్టడం ముగింపుకొచ్చిన పాస్చర్ పేరిట ఉన్న బడి భవనాన్ని తీసుకుని సైనికుల ఆస్పత్రిగా మార్చారు. దానికి కొన్ని బండ్లు, వాటికి కొందరు కుర్రాళ్లు. మార్న్ యుద్ధంలో గాయపడినవాళ్లలో కొందరిని తెచ్చింది ఆ బండ్లే. అప్పటికి అమెరికా తటస్థ దేశం. 1917 ఏప్రిల్ వరకు అది యుద్ధంలోకి దిగలేదు. తటస్థ దేశస్థుల్ని పోరు జరిగే చోటికి రానిస్తే వాళ్లలో గూఢచారులుండవచ్చని ఫ్రెంచి సైన్యానికి భయం. అందుకని ఈ కుర్రాళ్లను రైల్వే స్టేషన్ల నుంచి ఆస్పత్రులకు తిప్పే పనికే పరిమితం చేసింది.

ఆ గోడను దాటించినవాడు ఏబ్రమ్ పియాట్ ఆండ్రూ. హార్వర్డ్‌లో ఆర్థికశాస్త్రం చెప్పాడు, అమెరికా ప్రభుత్వ టంకశాలకు డైరెక్టరుగా చేశాడు, ఖజానా శాఖలో సహాయ కార్యదర్శిగానూ ఉన్నాడు. నలభై దాటిన వయసులో ఇవన్నీ వెనక వదిలి, ఫ్రాన్స్ వచ్చి డంకర్క్ ప్రాంతంలో స్వయంగా అంబులెన్స్ నడిపాడు. నడిపాకే అతనికి అర్థమైంది, బండ్లు ఉండాల్సింది స్టేషన్ దగ్గర కాదు, కందకాల వెనకే అని. సైన్యాధికారుల చుట్టూ తిరిగి, 1915 ఏప్రిల్‌లో వాళ్లను ఒప్పించాడు. దళానికి ఇరవై చొప్పున బండ్లు కట్టి, ఫ్రెంచి డివిజన్ల వెంట నడిచేలా ఏర్పాటు చేశాడు. ఈ సేవకే తర్వాత అమెరికన్ ఫీల్డ్ సర్వీస్ అనే పేరు స్థిరపడింది.

వచ్చేవాళ్లు ఓడ టికెట్టూ, యూనిఫారమూ తమ డబ్బుతోనే కొనుక్కోవాలి. ఆరు నెలలు ఉంటామని మాటివ్వాలి. తిండి ఫ్రెంచి సైనికుడు తినేదే. రోజు భత్యం అతనికిచ్చే అయిదు సూలే. అంటే ఒక ఫ్రాంకులో పావు వంతు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ కాలేజీల కుర్రాళ్లు గుంపులు గుంపులుగా వచ్చారు. డబ్బున్న ఇళ్ల పిల్లల సరదా అని అప్పట్లో అన్నవాళ్లు లేకపోలేదు. సరదా కోసం వచ్చినవాళ్లూ కొందరు ఉండే ఉంటారు. కానీ 1915లో కారు నడపడం తెలిసిన ఇరవయ్యేళ్ల కుర్రాడు దొరకాలంటే, కారున్న ఇంట్లోనే వెతకాలి. సరదాగా వచ్చినవాడికి మొదటి రాత్రితోనే ఆ సరదా తీరిపోయేది.

ఇక బండి. ఫోర్డు మోడల్ టి, నాలుగు సిలిండర్లు, ఇరవై గుర్రాల సత్తువ. ఛాసీ అమెరికా నుంచి వచ్చేది, దాని మీద కొయ్యా కాన్వాసూ కలిపి పారిస్ దగ్గర బాడీ కట్టేవారు. లోపల మూడు స్ట్రెచర్లు పడతాయి: కింద రెండు, పైన వేలాడేది ఒకటి. కూర్చోగలిగినవాళ్లయితే నలుగురు. ఆనాటి పెద్ద కంపెనీల అంబులెన్సుల ముందు ఇది బొమ్మలా ఉండేది. ఫ్రెంచి అధికారులు మొదట పెదవి విరిచారు. కానీ ఆ చిన్నతనమే పనికొచ్చింది. గుంటలో దిగబడితే నలుగురు సైనికులు చేతులతో ఎత్తి రోడ్డు మీద పెట్టేవారు. ఛాసీ నేలకు ఎత్తుగా ఉండటంతో రాళ్లకు తగిలేది కాదు. ఏ బండి భాగమైనా ఇంకో బండికి అమరుతుంది కాబట్టి, ఫిరంగి గుండుకు తునిగిన బండి విడిభాగాలతో మరో రెండింటిని బాగుచేసుకునేవారు. ఈ బండిని తయారు చేసిన హెన్రీ ఫోర్డు యుద్ధమంటేనే గిట్టనివాడు. 1915 డిసెంబరులో సంధి మాటలు నడపడానికి ఒక ఓడ మాట్లాడుకుని యూరప్‌కు బయల్దేరాడు కూడా. ఆ ఓడ వల్ల యుద్ధం ఆగలేదు. అతని బండ్లు మాత్రం ప్రాణాలు మోశాయి.

నడపడం ఇప్పటి కార్ల మాదిరి కాదు. ముందు స్టార్ట్ చేయాలి. స్టీరింగ్ కింది మీటతో స్పార్కును వెనక్కి తగ్గించి, దిగి ముందుకొచ్చి, ఎడమ చేత్తో రేడియేటర్ పక్కన ఉన్న తీగ లాగుతూ, కుడి చేత్తో హ్యాండిల్ తిప్పాలి. మీట సరిచేయడం మరిచారా, హ్యాండిల్ ఎదురు తిరిగి మణికట్టు విరుగుతుంది. ఎక్కి కూర్చున్నాక కాళ్ల దగ్గర మూడు పెడళ్లు. ఎడమది గట్టిగా తొక్కిపడితే చిన్న గేరు, వదిలేస్తే పెద్ద గేరు. మధ్యది రివర్సు. కుడిది బ్రేకు. యాక్సిలరేటర్ కాళ్ల దగ్గర లేదు, చేతి మీటే. పెట్రోలు ట్యాంకు సీటు కింద. పంపు లేదు, పెట్రోలు దానంతటదే పల్లానికి జారి ఇంజనుకు చేరాలి. ట్యాంకులో తక్కువున్నప్పుడు నిటారు ఎక్కుడు ఎక్కబోతే ఇంజను ఆగిపోతుంది. అప్పుడు బండిని వెనక్కి తిప్పి రివర్సులో ఎక్కించాలి. దిగుడులో బ్రేకు పట్టీలు వేడెక్కి కాలిపోతాయి. అందుకని చిన్న గేరూ, రివర్సూ, బ్రేకూ మార్చి మార్చి తొక్కుతూ దిగేవారు. ఇదంతా ఫిరంగులు మోగుతుంటే, చీకట్లో, వెనక ముగ్గురు నెత్తుటి మనుషుల్ని పెట్టుకుని.

ఈ బండ్ల విలువ తేలింది అల్సాస్ వైపు వోజ్ కొండల్లో. అక్కడ శిఖరాల మీద కందకాలు, లోయలో ఆస్పత్రులు. మధ్యలో దారి సైన్యం అప్పటికప్పుడు కొండ తొలిచి వేసిన ఘాట్ రోడ్డు. పెద్ద అంబులెన్సులు ఆ మలుపులు తిరగలేవు. అప్పటిదాకా దెబ్బతిన్నవాళ్లను కంచర గాడిదల మీదా, వాటికి కట్టిన బండ్ల మీదా దించేవారు. గంటల కొద్దీ ప్రయాణం. మన ఏజెన్సీ కొండల్లో నొప్పులు పడుతున్న మనిషిని డోలీ కట్టి రోడ్డు దాకా మోసే కుటుంబాలకు ఆ దూరం ఎలాంటిదో వేరే చెప్పనక్కర్లేదు. ఫోర్డులు వచ్చాక ఆ గంటలు బాగా తగ్గాయి.

అసలు మనిషి చేతులు మారే వరస ఎలా ఉండేదో చూద్దాం. కందకంలో పడినవాణ్ణి మొదట స్ట్రెచర్ మోసేవాళ్లు అందుకుంటారు. ఇరుకు కందకాల్లో, మోకాలి లోతు బురదలో, ఒక్కోసారి నలుగురైదుగురు మార్చుకుంటూ మోస్తారు. వెనక నేలమాళిగలోనో, కూలిన ఇంటి కిందో ఒక ప్రథమ చికిత్స కేంద్రం ఉంటుంది. అక్కడ డాక్టరు రక్తం ఆపుతాడు, విరిగిన ఎముకకు బద్దలు కడతాడు, మార్ఫిన్ ఇస్తాడు, ధనుర్వాతం రాకుండా సూది వేస్తాడు. ఏం చేశాడో ఒక చీటీ మీద రాసి చొక్కా గుండీకి తగిలిస్తాడు. బండి రాగలిగిన చివరి చోటు ఇదే. ఇక్కడి నుంచి, ముందెవరిని కోయాలో విడదీసి చెప్పే కేంద్రానికి, అక్కడి నుంచి ఆస్పత్రికి. ఈ మధ్య ముక్క డ్రైవరుది. మైళ్లలో చెప్పుకుంటే ఎంతో కాదు. చావు మాత్రం ఆ ముక్క మీద కాచుకుని ఉండేది.

వేగంగా పోతే మంచిదే కదా అనిపిస్తుంది. ఇక్కడే ఈ పనిలోని కష్టమంతా ఉంది. తొడ ఎముక విరిగినవాణ్ణి గుంటల రోడ్డు మీద పరిగెత్తిస్తే, విరిగిన కొనలు కండలో గుచ్చుకుని లోపలే రక్తం పోతుంది. ఆస్పత్రికి చేరేసరికి బీపీ పడిపోయి, చల్లబడి ఉంటాడు. కాలును సాగదీసి కదలకుండా పట్టే థామస్ స్ప్లింట్ వాడకం బ్రిటిష్ సైన్యంలో విస్తరించాక ఇలాంటి చావులు బాగా తగ్గాయి. అంతకుముందు డ్రైవరు నేర్పే ఆ మనిషికి స్ప్లింటు. మరీ మెల్లగా పోతే గ్యాంగ్రీన్, మరీ తొందరపడితే షాక్. ఈ రెంటి మధ్య సందులోంచి బండి నడిపించాలి. ప్రతి గుంటకూ వెనక నుంచి కేక. మెల్లగా, మెల్లగా అని వేడుకుంటారు. ఆ కేకలు వింటూ గేరు తొక్కిన కాలిని కదలకుండా పట్టుకోవడానికి ఎంత గుండె నిబ్బరం కావాలి! కేకలు ఆగిపోతే ఇంకా భయం. దిగి చూసే వీలుండదు. ఈ ఇరవయ్యేళ్ల పిల్లల ధైర్యం గురించి చెప్పాలంటే, గుళ్ల వానలో దూసుకెళ్లారన్న దానికన్నా, ఆ గుళ్ల వానలోనూ మెల్లగా నడిపారన్నదే ముందు చెప్పాలి.

పని ఎక్కువగా రాత్రిళ్లే. పగలు శత్రువు చూపు ఆనే రోడ్ల మీద బండి కదిలితే గుండు పడుతుంది. రాత్రి దీపం వెలిగించకూడదు. తల బయటికి పెట్టి, రోడ్డు కాస్త తెల్లగా ఎక్కడ కనిపిస్తే అటు పోవడమే. ఎదురుగా మందుగుండు బండ్లు, గుర్రాలు, నడిచొచ్చే పటాలాలు. సాయంత్రం లేని గుంట అర్ధరాత్రికి పుట్టుకొస్తుంది. విషవాయువు వదిలితే మాస్కు తొడుక్కోవాలి, తొడిగితే అద్దాలకు ఆవిరి పట్టి ఏమీ కనబడదు. చలికాలం రేడియేటర్‌లో నీళ్లు గడ్డకట్టకుండా రాత్రి మధ్య లేచి ఇంజను తిప్పుతుండాలి. తెల్లవారాక నిద్ర ఉంటుందా అంటే, ముందు బండి కడగాలి. నెత్తురూ బురదా కలిసి కొయ్యకు అట్టకట్టి ఉంటాయి. పంచర్లు వేయాలి, స్పార్క్ ప్లగ్గులు తుడవాలి. ఆ తర్వాత అదే బండిలో, అదే స్ట్రెచర్ మీద పడుకునేవారు.

1916 ఫిబ్రవరి 21న వెర్దన్ మీద జర్మన్ దాడి మొదలైంది. ఆ ఊరికి బార్-ల-దుక్ నుంచి సుమారు డెబ్భై కిలోమీటర్ల రోడ్డే ప్రధానమైన దిక్కు. రద్దీ వేళల్లో పద్నాలుగు సెకన్లకో బండి చొప్పున అటూ ఇటూ సాగేవి. చెడిపోయిన బండిని బాగుచేసే పని పెట్టుకోరు, పక్క కాలువలోకి తోసేస్తారు. సైనికులూ మందుగుండూ ఒకవైపు, దెబ్బతిన్నవాళ్లు రెండోవైపు. ఫ్రెంచి, జర్మన్ రెండు పక్షాలూ కలిపి చనిపోయినవాళ్లూ గాయపడినవాళ్లూ ఏడు లక్షల దాకా ఉంటారని అంచనా. అమెరికన్ దళాలు అక్కడికి వంతులవారీగా వెళ్లాయి. వోజ్‌లో మంచు దెబ్బ తిన్న డ్రైవర్లకు కూడా యుద్ధం ఇంత పెద్దదని తెలిసింది ఇక్కడే.

వోజ్ డ్రైవర్లలో ఒకడు, రిచర్డ్ నెల్విల్ హాల్, వెర్దన్ దాకా రాలేదు. 1915లో డార్ట్‌మత్ కాలేజీలో చదువు ముగించి నేరుగా వోజ్ కొండలకు వచ్చిన కుర్రాడు. అన్నదమ్ములిద్దరూ ఒకే దళంలో డ్రైవర్లు. హార్ట్‌మన్స్‌విల్లర్‌కాఫ్ అనే శిఖరం కోసం 1915 డిసెంబరు 21న ఫ్రెంచి సేనలు పెద్ద దాడికి దిగాయి. కొన్ని రోజుల పాటు డ్రైవర్లకు కంటి మీద కునుకు లేదు. క్రిస్మస్ తెల్లవారుజామున హాల్ ఖాళీ బండితో ఒంటరిగా పైకి ఎక్కుతుండగా, ఫిరంగి గుండు వచ్చి తగిలింది. బండి తునాతునకలై రోడ్డు పక్కన పడింది. అతని వయసు ఇరవై ఒకటి. ఆ సేవలో ప్రాణం పోయిన మొదటి డ్రైవరు అతనే. కొండ కింద మూష్ అనే ఊళ్లో, ఫ్రెంచి సైనికుల సరసన సమాధి చేశారు. మిగతావాళ్లు అంత్యక్రియలకు వచ్చి, మళ్లీ పైకి బండ్లు నడిపారు. దెబ్బలు తిన్నవాళ్లు ఇంకా పైన ఉన్నారు మరి.

బండికి ఎర్ర శిలువ గుర్తు ఉంటుంది కదా, దాన్ని కొట్టకూడదని జెనీవా ఒప్పందం ఉంది కదా అని అడగవచ్చు. ఉంది, 1864 నుంచీ. కానీ ఫిరంగి వాడు కొట్టేది కిలోమీటర్ల దూరం నుంచి, మ్యాపు చూసి, రోడ్డు మలుపును గురిపెట్టి. ఆ మలుపులో ఆ క్షణాన ఉన్నది మందుగుండు బండా, అంబులెన్సా అన్నది అతనికి కనబడదు. గుర్తు చూసి ఆగాలంటే ముందు అది కంటికి ఆనాలి.

ఇంకో ప్రశ్న ఇంతకన్నా లోతైనది. తుపాకీ పట్టకుండా గాయపడినవాళ్లను మోసేవాడికి యుద్ధంతో సంబంధం లేనట్టేనా? దీని మీద మనసు చంపుకోకుండా మాట్లాడినవాడు గాంధీ. దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం వచ్చినప్పుడు, 1899 చివర్లో ఆయన సుమారు 1,100 మందితో భారతీయ అంబులెన్స్ దళం కట్టాడు. వాళ్లలో ఎక్కువమంది నటాల్ తోటల్లో ఒప్పంద కూలీలు. మన తెలుగు జిల్లాల నుంచి మద్రాసు రేవు మీదుగా వెళ్లిన కూలీలు చెమటోడ్చిన తోటలవి. మోటారు బండి లేదు, భుజాలే బండ్లు. స్పియాన్ కాప్ యుద్ధంలో స్ట్రెచర్లు ఎత్తుకుని రోజుకు ఇరవై, ఇరవై అయిదు మైళ్లు నడిచారు. 1914లో లండన్‌లో మళ్లీ అలాంటి దళానికి మనుషుల్ని కూడగట్టాడు గాంధీ. తర్వాత ఆత్మకథలో ఆయనే ఒప్పుకున్నాడు, యుద్ధంలో గాయపడినవాళ్లకు సేవ చేసినంత మాత్రాన యుద్ధ పాపం అంటకుండా పోదని. అహింసే వ్రతంగా ఉన్న క్వేకర్లనే క్రైస్తవ శాఖవారు బ్రిటన్‌లో సొంత అంబులెన్స్ దళం కట్టుకున్నారు. వాళ్లలో కొందరిని ఇదే ప్రశ్న వేధించింది, బాగుపడిన సైనికుడు మళ్లీ కందకానికే పోతాడు కదా అని. ఆండ్రూ సంగతి ఇందుకు భిన్నం. అమెరికా ఫ్రాన్స్ పక్షాన యుద్ధంలోకి దిగాలని అతను బాహాటంగా కోరుకున్నాడు. డ్రైవర్ల ఉత్తరాలు స్వదేశంలో అచ్చయి ఆ వాదానికి బలమిచ్చాయి. కాబట్టి ఈ సేవకు రాజకీయం అంటలేదని చెప్పడం సరికాదు. అయినా నా మటుకు నాకు, రోడ్డు పక్కన మూలుగుతున్న మనిషిని చూసి, ఇతను బతికితే రేపు ఎవరిని కాలుస్తాడో అని లెక్క వేస్తూ నిలబడటం మాత్రం మనిషి చేయాల్సిన పని కాదనిపిస్తుంది.

ఆండ్రూ సేవలో ఆడవాళ్లకు డ్రైవర్లుగా చోటు లేదు. కానీ బెల్జియంలో ఇద్దరు ఆడవాళ్లు, దారే చంపుతుందన్న సత్యాన్ని తొలినాళ్లలోనే గ్రహించారు. ఎల్సీ నాకర్ శిక్షణ పొందిన నర్సు. మేరీ చిషమ్ అప్పటికి పద్ధెనిమిదేళ్ల స్కాట్లండ్ పిల్ల, మోటారు సైకిలు విప్పి బిగించడం బాగా వచ్చు. ఒక డాక్టరు కట్టిన సంచార అంబులెన్స్ దళంతో 1914లో వెళ్లారు. బతకదగ్గవాళ్లు కూడా కుదుపులకు షాక్‌తో దారిలో పోతున్నారని ఎల్సీ గమనించింది. ముందు వాళ్లను వెచ్చగా ఉంచి, కాస్త తేరుకోనిచ్చి, అప్పుడు బండెక్కించాలని పట్టుబట్టింది. పెర్విస్ అనే ఊళ్లో, కందకాలకు కూతవేటు దూరంలో, కూలిన ఇంటి నేలమాళిగలో ఇద్దరూ చికిత్స కేంద్రం తెరిచారు. 1918లో విషవాయువు దెబ్బకు వెనుదిరిగే దాకా మూడేళ్లకు పైగా అక్కడే ఉన్నారు. రాత్రిళ్లు అంబులెన్స్ నడపడం మేరీ పని.

ఈ డ్రైవర్ల మాట ఎత్తితే చాలామందికి గుర్తొచ్చే పేరు రచయిత హెమింగ్వే. కంటి చూపు సరిగా లేదని సైన్యం తీసుకోకపోతే, 1918లో అమెరికన్ రెడ్‌క్రాస్ తరఫున ఇటలీ వెళ్లాడు. బండి నడిపింది కొద్ది వారాలే. జులై 8న కందకంలో సైనికులకు చాక్లెట్లు, సిగరెట్లు పంచుతుండగా మోర్టార్ గుండు పేలి కాళ్లు ఛిద్రమయ్యాయి. పంతొమ్మిదేళ్లు నిండటానికి ఇంకా రెండు వారాలుంది. తర్వాత రచయితలైన డాస్ పాసోస్, కమింగ్స్ కూడా ఫ్రాన్స్‌లో వేరే దళంలో డ్రైవర్లే. వీళ్ల పుస్తకాల పుణ్యమా అని ఆ పని లోకానికి తెలిసింది. అయితే రాసినవాళ్లు పదిమంది అయితే, రాయకుండా నడిపినవాళ్లు వేలమంది.

1917లో అమెరికా యుద్ధంలోకి వచ్చింది. ఆ శరదృతువులో అంబులెన్స్ దళాలన్నిటినీ సైన్యం తనలో కలిపేసుకుంది. కొందరు సైనికులుగా చేరి అవే బండ్లు నడిపారు, కొందరు విమాన దళానికీ ఫిరంగి దళానికీ వెళ్లారు. అప్పటికి ఆండ్రూ సేవలో పనిచేసినవాళ్లు రెండు వేలకు పైగా ఉన్నారు. వాళ్లలో వందమందికి పైగా ఆ యుద్ధంలో చనిపోయారు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆ సేవ మళ్లీ లేచింది. 1942లో ఉత్తరాఫ్రికా ఎడారిలో బిర్ హకీమ్, ఎల్ అలమైన్, తర్వాత ఇటలీలో కసీనో. 1945 ఏప్రిల్‌లో నాజీల బెర్గన్-బెల్సన్ నిర్బంధ శిబిరం తెరుచుకున్నాక, నడవలేని ఖైదీలను ఆస్పత్రికి చేర్చినవాళ్లలో ఈ డ్రైవర్లున్నారు. మన వైపు ఇంఫాల్, బర్మా కొండల్లో బ్రిటిష్ పద్నాలుగో సైన్యం వెంట జీపు అంబులెన్సులు నడిపారు. ఆ సైన్యంలో ఎక్కువమంది భారతీయులే. అలా అమెరికా నుంచి వచ్చిన ఈ స్వచ్ఛంద డ్రైవర్లు మన జవాన్లను మోశారు. అప్పటికి సేవను నడిపిస్తున్నది స్టీఫెన్ గలాటీ, 1915 నాటి వోజ్ దళం మనిషి. యుద్ధం ముగిశాక ఆయన బండ్లు వదిలేసి, దేశాల మధ్య బడి పిల్లల్ని ఒకరి ఇంటికి ఒకర్ని పంపే కార్యక్రమం మొదలుపెట్టాడు. 1947లో మొదటి జట్టు అమెరికా చేరింది. అమెరికన్ ఫీల్డ్ సర్వీస్ పొడి అక్షరాలైన ఏఎఫ్ఎస్ పేరుతో ఆ మార్పిడి ఇప్పటికీ నడుస్తోంది, భారతీయ విద్యార్థులూ అందులో వెళ్లొస్తున్నారు.